గాలిపటములకు కన్నులిచ్చిన కోడీ

డ్రోను అను మాట నేడు మన పాఠశాలయందు ఆరవ తరగతి బాలునకు సైతము తెలియును. పెండ్లి ఊరేగింపులమీద ఛాయాచిత్రములు తీయుచును, వరిచేలపై మందు చల్లుచును ఎగురు ఈ చిన్న యంత్రములను కోనసీమలో చూడనివారు అరుదు. కాని వీనికి మొదట అప్పగింపబడిన పని పెండ్లియు కాదు, వ్యవసాయమును కాదు, యుద్ధము. కొండకు ఆవలను, తోపునకు వెనుకను శత్రువు లెందరున్నారో, ఏ దారిని వచ్చుచున్నారో ముందుగా నెరుగుట సేనలకు ప్రాణావసరము. పూర్వ మీ పనికి గుఱ్ఱపురౌతులను, వేగులవారిని పంపుచుండిరి. వారిలో పెక్కండ్రు తిరిగి వచ్చెడివారు కారు. తేలికయైన యొక వస్తువును గాలిలో నిలిపి, దానికి కన్నులు పెట్టి, ఈ పని చేయింపవలెనని పండ్రెండేండ్లు పాటుపడిన యొక మనుష్యుని చరిత్రమును ఈ సంచికయందు మా విద్యార్థులకు చెప్పదలచితిమి. ఆయన పేరు సామ్యుయేల్ ఫ్రాంక్లిన్ కోడీ.

కోడీ 1867వ సంవత్సరము మార్చి 6వ తేదీన అమెరికా దేశమందు అయోవా రాష్ట్రములోని డావెన్‌పోర్టు పట్టణమున జన్మించెను. ఆయన యింటిపేరు నిజమునకు కౌడరీ. పాఠశాలలో చదివినది బహు స్వల్పము. పెద్దవాడైన పిమ్మటను చదువుటయు వ్రాయుటయు ఆయనకు కష్టముగానే యుండెను. గుఱ్ఱములను లొంగదీయుట, ఉరిత్రాడు విసరి పశువులను పట్టుట, గురి తప్పక తుపాకి కాల్చుట, ఇవియే ఆయన విద్యలు. ఆ కాలమున బఫెలో బిల్ అను పేర ప్రఖ్యాతి గన్న విలియం కోడీ యను ప్రదర్శకు డొక డుండెను. అతనితో చుట్టరిక మేమియు లేకున్నను మన కథానాయకుడు ఆ యింటిపేరు తాను పెట్టుకొని, పొడవైన జుట్టుతోను, కోరమీసముతోను, వెడల్పు టోపీతోను ఇంగ్లండు చేరి, ఊరూర గుఱ్ఱపుస్వారీలు, తుపాకి విద్యలు చూపుచు జీవించెను. 1898లో క్లాండైక్ నగెట్ అను నాటకమును కూర్చి ఆడగా ధనము విస్తారముగా వచ్చెను. ఆ ధనమే తరువాత గాలిపటములకు వ్యయమయ్యెను.

పశువుల మందలను తోలుకొనిపోవు దినములలో ఒక చీనా వంటవాడు ఆయనకు గాలిపటములు కట్టుట నేర్పెనని యొక కథ కలదు. అది యెట్లున్నను, నాటకములాడు దినములలో ఇంటి పిల్లవాడైన లియోన్‌తో పోటీపడి, ఎవరి పటము పెద్దది, ఎవరిది ఎక్కువ ఎత్తు పోవును అని చూచు వేడుక ఆయనకు పట్టుకొనెను. వేడుకగా మొదలైనది కొలది కాలములోనే పట్టుదలగా మారెను. పటము ఎంత బరువు మోయును? ఎంత గాలికి నిలుచును? మనుష్యుని మోయగలదా? మోయగలిగినచో అది ఎవరికి పనికివచ్చును? ఈ ప్రశ్నలు ఆయనను విడువలేదు.

అప్పటి సేనలు పైనుండి చూచుటకు బెలూనులను వాడుచుండెను. ఫ్రెంచివారు 1794లో ఫ్లూరస్ యుద్ధమునాడే బెలూనులో ఒకని పైకి పంపి శత్రువుల కదలికలను గనిపెట్టిరి. దక్షిణాఫ్రికాలో బోయర్లతో 1899లో మొదలైన యుద్ధమున ఆంగ్లేయులును బెలూనులు వాడిరి. కాని బెలూనుతో చిక్కులు మెండు. దానికి వాయువు కావలెను. ఆ వాయువును ఉక్కు గొట్టములలో నింపి బండ్లమీద సేనవెంట లాగుకొనిపోవలెను. నింపుటకు పొద్దు పట్టును. అన్నిటికంటె పెద్ద లోపము మరియొకటి. గంటకు సుమారు 20 మైళ్లకు మించిన గాలి వీచెనా, బెలూను నేలవైపు వంగి, ఊగిసలాడి, లోపలివానికి ఏమియు కానరాకుండ చేయును. గాలి బెలూనునకు శత్రువు, గాలిపటమునకో ప్రాణము. బెలూను దిగిపోవలసిన చోటనే పటము ఎగురుట మొదలిడును. కోడీ పట్టుకొన్న కీలకము ఇదియే.

ఆయనకు ముందు, 1893లో, ఆస్ట్రేలియా దేశమందు లారెన్స్ హార్‌గ్రేవ్ అను పండితుడు పెట్టెపటమును కనిపెట్టి యుండెను. చిన్నపిల్లలు ఎగురవేయు కాగితపు పటమునకు తోక కట్టనిదే అది గిరగిర తిరిగి పడును. పెట్టెపటమన్ననో, గుడ్డతో చేసిన రెండు పెట్టెలను నడుమ ఖాళీ విడిచి ముందొకటియు వెనుకొకటియు కఱ్ఱలకు బిగించినది. ఆ పెట్టెల ప్రక్కగోడలే దానిని అటునిటు తిరుగకుండ నిలుపును, తోక అక్కరలేదు. కోడీ దీనికి ఇరుప్రక్కల గబ్బిలపు రెక్కలవంటి రెక్కలు చేర్చెను. బరువు స్వల్పముగా పెరిగెను గాని గాలికి తగులు గుడ్డ చాల పెరిగెను, ఎత్తు శక్తి హెచ్చెను, నిలకడ చెడలేదు. వెదురుబద్దలకు వస్త్రము చుట్టిన ప్రభలను జగ్గన్నతోట తీర్థమునకు భుజములపై మోసికొని కౌశిక దాటు యువకులను చూచినవారికి, చట్రమునకు బిగించిన గుడ్డను గాలి ఎంత బలముగా త్రోయునో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ త్రోపును పైకి మరల్చుటయే కోడీ నేర్పు. ఈ పటమునకు 1901లో ఆయన పేటెంటు పొందెను.

ఒక్క పెద్ద పటము కట్టి మనుష్యుని వ్రేలాడదీయుట ఆయన పద్ధతి కాదు. ఒక్క పటముపై ఆధారపడినచో అది చినిగిన క్షణమున మనుష్యుడు పోవును. కనుక ఆయన మొదట ఒక చిన్న పటమును సన్నని తీగెతో పైకి పంపి, అచ్చట గాలి నిలకడగా నున్నదని తెలిసికొనును. పిమ్మట ఉక్కుతీగెల త్రాటిని దానివెంట విడుచుచు, ఆ త్రాటిపై ఎడమెడముగా ఎత్తుడు పటములను ఒకదానివెనుక నొకటి నిలుపును. గాలి మందమైన పటములు ఎక్కువ, గాలి ముదిరిన తక్కువ. త్రాడు బిగిసి కఱ్ఱవలె నిలిచిన మీదట, కడపటి పటము క్రింద మనుష్యుడు కూర్చుండు బుట్టను కట్టి, కప్పీలమీద ఆ త్రాటివెంట పైకి పోనిచ్చును. కూర్చుండినవాని చేతిలో కొన్ని త్రాళ్లుండును. వానిని లాగి పటమును వంచినచో పైకి పోవచ్చును, క్రిందికి రావచ్చును, కావలసినచోట ఆగవచ్చును. దుర్భిణియు, ఛాయాచిత్రపుపెట్టెయు, క్రిందివారితో మాటలాడుటకు టెలిఫోను తీగెయు వానివద్ద నుండును. ఈ బుట్టలో కోడీ స్వయముగా కూర్చుండి పైకి పోవుచుండెను. ఈ సంగతి మా పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. దీని ప్రయోజనము ముందు చెప్పెదము.

1901 ముగియకమునుపే కోడీ ఈ సాధనమును యుద్ధశాఖవారికి నివేదించెను. నాటకములాడు వేషధారి మాటను వారు తొందరగా నమ్మలేదు. బోయర్ యుద్ధము 1902 మే నెలలో ముగిసెను. పటములకు అక్కర తీరెనని పెక్కండ్రు తలచిరి. కోడీ తలపలేదు. 1903లో నావికాదళమువారు ఆయన పటములను పరీక్షించిరి. ఆ యేట నవంబరులో ఆయన ఒక చిన్న పడవకు గాలిపటము కట్టి, తెరచాపలేక, తెడ్డులేక, ఫ్రాన్సు తీరమందలి కలే రేవునుండి డోవరు రేవునకు రమారమి 13 గంటలలో సముద్రము దాటెను. గోదావరి పాయలలో చాపకట్టిన నావలు నడపినవారి సంతతికి ఈ పని యెంత ధైర్యముతో కూడినదో బోధపడకపోదు. రాత్రివేళ గాలి తగ్గినచో పటము నీట పడును. పటము పడినచో పడవ కదలదు.

ఈ పట్టుదల చూచి తుదకు సేనవారు ఆల్డర్‌షాట్, ఫార్న్‌బరో మైదానములలో పరీక్షలకు ఒప్పుకొనిరి. 1905లో ఒక సైనికుడు కోడీ పటముల సాయమున 2,600 అడుగుల ఎత్తునకు పోయి దిగివచ్చెను. ఆ యెత్తునుండి చూచువానికి నాలుగుదిక్కుల మైళ్లకొలది నేల విప్పిన పటమువలె కనబడును. 1906లో కోడీని సేనలో గాలిపటముల ముఖ్యశిక్షకునిగా నియమించిరి. చదువు రానివాడు చదివిన అధికారులకు గురువయ్యెను. పెద్ద గాలికి బెలూనులును, చిన్న గాలికి పటములును పనికిరావు గనుక రెండును సేనలో ప్రక్కప్రక్కన నిలిచెను. ఒకటి రెండవదానిని త్రోసివేయలేదు. దేని కాలమున దానిని వాడిరి.

కాని గాలి లేనినాడు పటము నేలను పడియుండవలసినదే గదా! కోడీ ఈ లోపమును తీర్చుటకు 1907లో ఒక పటమునకు చిన్న ఇంజను బిగించెను. మనుష్యుడు లేకుండ, కట్టిన తీగెను విడువకుండ ఆ మోటారుపటము ఎగిరెను. మనుష్యుడెక్కని, ఇంజనుగల చిన్న ఎగురుయంత్రమును సేనకొరకు నిర్మించి పరీక్షించిన తొలివారిలో ఆయన యొకడని ఈ కారణముచేత చెప్పదగును. ఆ యేటనే నల్లి సెకండస్ అను సేనవారి వాయునౌకకు ఇంజను అమర్చుటలో పాలుగొని, అక్టోబరు 5న దానిలో లండను నగరము మీదుగా పోయెను. మరుసటి సంవత్సరము, 1908 అక్టోబరు 16న, ఫార్న్‌బరోలో తాను కట్టిన విమానమునెక్కి 1,390 అడుగుల దూరము 27 సెకనులలో ఎగిరెను. బ్రిటనులో ఇంజనుగల విమానము నిలకడగా ఎగిరిన మొదటి ప్రయాణముగా దీనిని లెక్కింతురు. తుదను చెట్లను తప్పించుటకు తిరుగబోగా రెక్క నేలకు తగిలి విమానము విరిగెను. ఆయనకు స్వల్పగాయములతో సరిపోయెను.

ఇంతచేసినవానికి దొరికిన ప్రతిఫలము చూడుడు. 1909లో ప్రభుత్వమువారు విమానములకు చేయు వ్యయము దండుగయని తలచి, ఆ పనిని మాన్పించి, కోడీని కొలువునుండి తొలగించిరి. విమానమును మాత్రము ఆయనకు విడిచి, మైదానమున ఎగురుటకు సెలవిచ్చిరి. ఆయన కోపించి దేశము విడువలేదు. ఆ యేడే బ్రిటిషు పౌరుడయ్యెను. సొంత ధనముతోను, ఇంటివారి చేతిపనితోను కుట్టి, కోసి, బిగించి, మరల మరల ఎగిరెను. సెప్టెంబరులో గంటకు పైగా గాలిలో నిలిచెను. 1911లో బ్రిటను చుట్టు జరిగిన విమానపందెమున ముగింపువరకు నిలిచిన బ్రిటిషు విమానము ఆయనదొక్కటియే. 1912 ఆగస్టులో సాల్స్‌బరీ మైదానమున సేనవారు పెట్టిన పోటీలో ప్రపంచపు ప్రసిద్ధ నిర్మాతలను మించి 5,000 పౌనుల బహుమతి గెలిచెను.

ఇచ్చట ఒక సంగతి మరుగుపరచరాదు. అదే మైదానమున, పోటీలో చేరకుండ, ఫార్న్‌బరో కర్మాగారమువారి బి.ఇ.2 అను విమానము ఎగిరెను. బహుమతి కోడీకి వచ్చినను, సేన తన నిత్యపు పనికి ఆ రెండవదానినే ఎన్నుకొనెను. సేన తీసికొన్న కోడీ విమానములలో నొకటి 1913 ఏప్రిలులో ఆకాశమున విరిగి ఒక అధికారి మరణించెను. పోటీనాడు గెలుచుట యొకటి, దినదినము పలువురి చేతులలో నలిగియు చెడకుండుట మరియొకటి. ఎగురుయంత్రమును మెరుగుపరచుటయనగా ఈ రెండవదానిని సాధించుట. కోడీ జీవితములోని జయములు ఎంత నేర్పునో ఈ అపజయమును అంత నేర్పును.

1913 ఆగస్టు 7న కోడీ తాను కొత్తగా నిర్మించిన యొక విమానమును పరీక్షించుచుండెను. నీటిపై దిగుటకు వీలుగా కట్టిన యంత్రమది. ఇవాన్స్ అను క్రికెట్టు ఆటగాడు ఆయన వెంట నుండెను. ఫార్న్‌బరో సమీపమున ఆ విమానము గాలిలోనే విరిగి, ఇరువురును పడి మరణించిరి. కోడీకి అప్పటికి 46 యేండ్లు. సైనికుడు కాకున్నను ఆయనను ఆల్డర్‌షాట్ సైనిక శ్మశానమున సైనిక మర్యాదలతో సమాధి చేసిరి. వెంట నడిచినవారును దారిప్రక్కల నిలిచినవారును సుమారు లక్షమందియని లెక్క. ఒకప్పుడు వేషగాడని నవ్విన ఊరే ఆనాడు కన్నీరు కార్చెను.

ఆయన మరణించిన మరుసటి సంవత్సరమే మహాయుద్ధము వచ్చెను. 1914 సెప్టెంబరులో మార్న్ నదీతీరమున జర్మనుసేనలు దారి మళ్లుటను మొదట గనిపెట్టినవి పైనుండి చూచిన విమానములే. పైనుండి చూచు కన్ను విలువ యెంతటిదో అప్పుడు లోకమునకు తెలిసెను. కోడీ ఎగిరిన ఫార్న్‌బరోలోని ప్రభుత్వసంస్థవారు తరువాత రేడియోచేత నడుపు యంత్రములను కూర్చిరి. వాని ఫలముగా 1935లో క్వీన్ బీ అను మనుష్యుడులేని విమానము ఎగిరెను. దాని పేరునకు అర్థము రాణియీగ. డ్రోను అనగా మగ తేనెటీగ. నేటి పేరు ఆ రాణియీగ వెనుక వచ్చినదేయని చెప్పుదురు. మన దేశమున బెంగుళూరులోని రక్షణపరిశోధకులు నిశాంత్ అను వేగువిమానమును నిర్మించిరి. అది పట్టాలమీదినుండి విసరబడి ఎగిరి, గొడుగువంటి పారాచ్యూటుతో దిగునది. 2024 జనవరిలో హైదరాబాదునందు కూర్చబడిన దృష్టి 10 అను పెద్ద వేగువిమానము మన నావికాదళమునకు అందెను.

చిన్నవానిని మెరుగుపరచుటలో నేటి శాస్త్రజ్ఞులు పడు పాట్లు కోడీ పడినవే. బరువు తగ్గవలెను, గాలికి నిలువవలెను, కన్ను అదరకుండవలెను, చూచినది తక్షణమే క్రిందికి చేరవలెను. చేతిలో ఇముడు డ్రోనునకు బ్యాటరీ అరగంటకు మించి వచ్చుట అరుదు. అందుచేత కొన్నిటిని మరల తీగెకు కట్టి, ఆ తీగెద్వారా విద్యుత్తును పంపి, గంటలకొలది ఒకేచోట నిలుపుచున్నారు. ఉక్రెయిన్ యుద్ధమున రేడియో సంకేతములను శత్రువులు చెరుపుచుండగా, వెండ్రుకవలె సన్నని గాజుతీగెను వెనుక విడుచుచు పోవు డ్రోనులు వచ్చినవి. తీగెమీది మాటను గాలిలో చెరుపలేరు గదా! కోడీ బుట్టలోని టెలిఫోను తీగె నూరేండ్లకు పిమ్మట ఈ రూపమున తిరిగివచ్చినట్లున్నది.

కాని ఒక్క భేదము మిగిలినది. అదియే అన్నిటికంటె పెద్దది. కోడీ పటము చినిగినచో పడువాడు కోడీయే. చూచువాని ప్రాణమే ఆ చూపునకు జామీను. అందుచేత ప్రతి ముడిని, ప్రతి కుట్టును ఆయన స్వయముగా చూచుకొనెను. తాను ఎక్కనిదానిని ఇతరులకు ఇచ్చువాడు కాడు. నేటి డ్రోనునందు ఎవ్వరును లేరు. అది పడినచో పోవునది యంత్రము మాత్రమే. సైనికుని ప్రాణమునకు ఇది గొప్ప మేలు. తల్లులు దీనికి సంతోషింపవలసినదే. అయినను చూచువానికి అపాయము లేనప్పుడు, చూడబడువాని యెడల జాగ్రత్త సన్నగిల్లుట సులభము. దూరమున తెరముందు కూర్చున్నవానికి క్రిందనున్న మనుష్యుడు చుక్కవలె కనబడును. ఆ చుక్క శత్రువో, పొలమునుండి ఇంటికి పోవు రైతో తెలిసికొను బాధ్యత యంత్రమునకు లేదు. దానిని చేసినవానికిని, నడుపువానికిని కలదు. పొరుగువాని పెరటిలోనికి తొంగిచూచు పెండ్లిడ్రోను విషయమునను ఇదే మాట.

అదే కన్ను మేలునకును పనికివచ్చును. 1996 నవంబరు తుపాను రాత్రి గడచిన పిమ్మట, కూలిన కొబ్బరిచెట్లతో దారులు మూసికొనిపోయి, ఏ లంకలో ఎవరు బ్రదికియున్నారో తెలియక మన పెద్దలు పడిన వేదన ఈ సీమ మరువలేదు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో ఇండ్లు నీట మునిగినప్పుడు, మేడలపై చిక్కుకొన్నవారికి డ్రోనులు ఆహారపు పొట్లములను, మంచినీటిని చేర్చినవి. యుద్ధమునకై పుట్టిన విద్య వరదలో అన్నము మోసెను.

మా విద్యార్థులలో కొందరు ముందుముందు ఇట్టి యంత్రములను చేయువారు, నడుపువారు కాగలరు. కోడీకి లేని చదువు వారికి కలదు. ఆయనకు కలిగిన రెండు గుణములు వారికిని కలుగవలెనని మా కోరిక. పదిమంది నవ్వినను పనిని విడువకుండుట మొదటిది. తాను పైకి పంపు ప్రతి వస్తువునందు తానే కూర్చుండియున్నట్లు దానిని కట్టుట, దాని క్రింద తన ఇంటివారే నడుచుచున్నట్లు దానిని నడుపుట రెండవది.